పర్యాటక పరిశోధనలో ప్రాంతాల మధ్య తేడాలు: రామప్ప, మేడారం మీద థీసిస్ రాసేవారికి

మీరు అడిగినవి రెండు. టూరిజం మీద అమెరికా పేపరుకీ, చైనా పేపరుకీ, మన యూనివర్సిటీల థీసిస్‌కీ పొంతన ఎందుకు కుదరదు అన్నది మొదటిది. రామప్ప, మేడారం మీద చేయబోయే పీహెచ్‌డీకి ఏ పద్ధతి పట్టుకోవాలి, గైడు చెప్పిన 384 మంది శాంపిల్ సరిపోతుందా అన్నది రెండోది. మొదటిది తేలితే రెండోదానిలో సగం చిక్కు దానంతటదే విడిపోతుంది.

"ఒక్కో ప్రాంతపు సంస్కృతి వేరు కాబట్టి పరిశోధనా వేరు" అని లిటరేచర్ రివ్యూలో ఒక వాక్యం రాసి ఊరుకోకండి. వైవాలో నిలబడదు. తేడాలకు కారణాలు చాలా మామూలువి. ఆ దేశంలో టూరిజం ఏ డిపార్ట్‌మెంటులో మొదలైంది, పరిశోధకుడి ఎదుట ఎలాంటి ప్రయాణికుడున్నాడు, డబ్బు ఎవరిచ్చారు. ఈ మూడూ చూస్తే ఏ పేపరు ఎందుకలా ఉందో తెలిసిపోతుంది.

ఉత్తర అమెరికాలో ఈ సబ్జెక్టు అడవులు, పార్కుల నిర్వహణ నుంచి, మార్కెటింగ్ నుంచి, సైకాలజీ నుంచి వచ్చింది. స్టాన్లీ ప్లాగ్ 1974లో ప్రయాణికులను స్వభావాన్ని బట్టి విడగొట్టిన వర్గీకరణకు వెనక ఉన్నది విమాన సంస్థల ప్రశ్న: జనం విమానం ఎందుకు ఎక్కడం లేదు? అందుకే అక్కడి పరిశోధనలో కొలిచేది ఎప్పుడూ ఒక వ్యక్తిని, అతని ఉద్దేశాన్ని, అతని సంతృప్తిని. ఎవరికి వారే నిర్ణయం తీసుకుని, ఎవరి జేబులోంచి వారే ఖర్చుపెట్టే మనిషి ఆ ప్రశ్నావళిలో దాగి ఉంటాడు. బ్రిటన్‌లో భూగోళం, సామాజిక శాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఎత్తుకున్నారు. వచ్చినవాళ్ల వల్ల ఊరికి ఏమవుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత ఆ డిపార్ట్‌మెంట్లు చాలావరకు బిజినెస్ స్కూళ్లలో కలిశాయి, ప్రశ్నలూ కొంత మారాయి. ఫ్రాన్స్, జర్మనీల్లో ఇది భూగోళ శాస్త్రం సొత్తు. అక్కడివాళ్లు దశాబ్దాలపాటు తమ భాషల్లోనే రాశారు కాబట్టి ఇంగ్లిష్ డేటాబేసుల్లో ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తారు.

ఆఫ్రికా దక్షిణ భాగంలో పరిశోధన వన్యప్రాణుల చుట్టూ, భూమి హక్కుల చుట్టూ తిరుగుతుంది. వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయాన్ని ఊళ్లకు పంచేందుకు 1980ల చివర జింబాబ్వేలో మొదలైన క్యాంప్‌ఫైర్ కార్యక్రమం, 1996 చట్టం తర్వాత నమీబియాలో వన్యప్రాణుల మీద హక్కులతో ఏర్పడిన స్థానిక సంఘాలు (కమ్యూనిటీ కన్జర్వెన్సీలు) దానికి పునాది. మన కవ్వాల్, ఏటూరునాగారం అభయారణ్యాల మీద పనిచేసేవాళ్లు యూరప్ పేపర్ల కన్నా ముందు వీటిని చదవాలి. అడవి ఎవరిది, ఆదాయం ఎవరికి అనే ప్రశ్న రెండుచోట్లా ఒకటే.

చైనాలో 1978 సంస్కరణల తర్వాత ప్రభుత్వ ప్రణాళికల కోసం భూగోళ, ప్లానింగ్ విభాగాలు ఈ పని మొదలుపెట్టాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేట మీద రాసేవారికి అక్కడి నుంచి పనికొచ్చేది షీడీ, హోంగ్‌త్సున్ గ్రామాల పోలిక. రెండూ 2000లో కలిసే యునెస్కో జాబితాకెక్కాయి. ఒకచోట టిక్కెట్ల వ్యాపారం గ్రామ సంస్థ చేతిలో, ఇంకోచోట బయటి కంపెనీ చేతిలో. యాజమాన్యం మారితే గ్రామస్థుల అభిప్రాయం ఎలా మారుతుందో చూడడానికి అంతకన్నా మంచి జత దొరకదు.

ఇక మన దేశం. ఇక్కడ రెండు పాయలున్నాయి, ఒకదాని మొహం ఒకటి చూడదు. తీర్థయాత్రల మీద భూగోళ, మానవ శాస్త్రాలవాళ్లు చేసిన గట్టి పని ఒక పాయ. సురీందర్ భరద్వాజ్ 1973లోనే తీర్థక్షేత్రాలను అవి ఎంత దూరం నుంచి జనాన్ని రప్పిస్తాయన్నదాన్ని బట్టి దేశవ్యాప్తం నుంచి స్థానికం దాకా మెట్లుగా విడదీశాడు. కామర్స్, మేనేజ్‌మెంట్ డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే టూరిజం థీసిస్‌లు రెండో పాయ: స్వాట్ పట్టిక (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు), శాతాల పట్టికలు, చివర "ప్రభుత్వం మౌలిక వసతులు మెరుగుపరచాలి". రెండో పాయలో మేడారం మీద రాసేవారు మొదటి పాయను ఉదహరించరు. మీ థీసిస్‌కు కొత్తదనం కావాలంటే దాన్ని వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు, ఈ రెండింటినీ కలపండి చాలు.

ప్రాంతీయ భేదాలనే ఒక అధ్యాయంగా పెట్టి పేపర్లు లెక్కపెట్టదలిస్తే నాలుగు చోట్ల జాగ్రత్త. పరిశోధనా పేపర్ల డేటాబేసు స్కోపస్‌లో దేశం అంటే రచయిత పనిచేసే సంస్థ ఉన్న దేశం, అధ్యయనం జరిగిన చోటు కాదు. రామప్ప మీద ఆస్ట్రేలియాలో కూర్చుని రాసిన పేపరు ఆస్ట్రేలియా ఖాతాలో పడుతుంది. అధ్యయన స్థలాన్ని మీరే అబ్‌స్ట్రాక్ట్ చదివి వేరే కాలమ్‌లో నింపుకోవాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని నమ్మకంగా చేయదు. రెండోది, హాంకాంగ్, మకావ్‌లను డేటాబేసు చైనా నుంచి విడిగా చూపిస్తుంది. కలుపుతారో లేదో ముందే నిర్ణయించి రాయండి, ఎందుకంటే హాంకాంగ్‌ది ఈ రంగంలో పెద్ద వాటా. మూడోది లెక్కకట్టే తీరు. ముగ్గురు రచయితలు మూడు దేశాలవారైతే ఒక పద్ధతిలో దేశానికి ఒక్కొక్కటి, ఇంకో పద్ధతిలో మూడో వంతు చొప్పున వస్తుంది. పేపర్ల మధ్య సంబంధాలను పటంగా గీసే వాస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేరులో ఈ రెండూ ఉన్నాయి, ఏది ఎంచుకున్నారో చెప్పకపోతే పటం చూసినవాడికి ఏమీ అర్థం కాదు. నాలుగోది, "టూరిజం" అని మాత్రమే వెతికితే తీర్థయాత్ర, వారసత్వం, జాతర మీద వచ్చినవి సగం జారిపోతాయి. స్పానిష్, పోర్చుగీసుకు సైలో, రెడాలిక్, చైనీస్‌కు సీఎన్‌కేఐ, మన థీసిస్‌లకు శోధ్‌గంగ అనే డేటాబేసులు చూడండి. శోధ్‌గంగలో సారలమ్మ, సారక్క, హన్మకొండ, హనుమకొండ, రామప్ప, పాలంపేట, రుద్రేశ్వర... అన్ని స్పెల్లింగులూ కొట్టాలి. 2014కు ముందువి ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉంటాయి.

ఆ సంవత్సరం తగిలింది కాబట్టి అంకెల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఉత్తర తెలంగాణ మీద చేసే పనులు ఎక్కువగా దెబ్బతినేది సిద్ధాంతం దగ్గర కాదు, ఇక్కడ.

జిల్లాలవారీ సందర్శకుల లెక్కలు తీసుకుని పదేళ్ల గ్రాఫు గీస్తే అది తప్పే అవుతుంది. 2014 ఫిబ్రవరి మేడారం జాతర ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది. 2016 జాతర తెలంగాణలో, వరంగల్ జిల్లా లెక్కలో. ఆ అక్టోబరులో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2018 జాతర జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు వెళ్లింది. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది, 2020 జాతర అక్కడ. వరంగల్ అర్బన్, రూరల్ పేర్లు 2021లో హనుమకొండ, వరంగల్‌గా మారాయి. ఇవేవీ చూసుకోకుండా "2016 తర్వాత వరంగల్ పర్యాటకం పడిపోయింది" అని తేల్చేవాళ్లున్నారు. పడిపోయింది పర్యాటకం కాదు, జిల్లా సరిహద్దు కదిలింది. కాబట్టి జిల్లాను వదిలి స్థలాన్ని పట్టుకోండి: మేడారం, రామప్ప, లక్నవరం, ఖిలా వరంగల్, వేములవాడ, బాసర. ఒక్కోదానికి ఒక్కో వరుస. మేడారం పెద్ద జాతర సరి సంవత్సరాల్లోనే కాబట్టి సరి సంవత్సరాలను సరి సంవత్సరాలతోనే పోల్చండి.

ఆ లెక్కల్లో ఉన్నవి మనుషులు కాదు, రాకలు. మేడారం పోయే కుటుంబం ముందు వేములవాడ రాజన్న దగ్గరికి వెళ్తుంది, దారిలో ములుగు దాటేటప్పుడు గట్టమ్మ దగ్గర ఆగుతుంది. ఒకే మనిషి మూడుచోట్ల లెక్కకొస్తాడు. రాష్ట్రం మొత్తాన్ని జనాభాతో భాగించి "తలకు ఇన్ని ప్రయాణాలు" అని రాయడం అందుకే ప్రమాదం. పైగా టిక్కెట్టు ఉన్నచోట అంకె, లేనిచోట అంచనా. ఖిలా వరంగల్ అంకెనూ మేడారం అంకెనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే, ఏది లెక్కో ఏది అంచనానో ఒక కాలమ్‌లో చెప్పండి.

జాతీయ సర్వే వాడతాను అంటారేమో. దేశీయ పర్యాటకం మీద జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 65వ రౌండు 2008 జులై నుంచి 2009 జూన్ వరకు, 72వ రౌండు 2014 జులై నుంచి 2015 జూన్ వరకు జరిగాయి. మేడారం జాతరలు 2008 ఫిబ్రవరిలో, 2010లో, 2014 ఫిబ్రవరిలో, 2016లో. అంటే రెండు రౌండ్లకూ పెద్ద జాతర ఒక్కటీ చిక్కలేదు. ఆ సర్వే ఆధారంగా తెలంగాణ తీర్థయాత్రల గురించి ఏం చెప్పినా ఈ మాట పక్కన రాయక తప్పదు.

రామప్పకు ఇంకో చిక్కు. యునెస్కో గుర్తింపు 2021 జులై 25న వచ్చింది. అప్పుడు కోవిడ్ నడుస్తోంది. 2020, 2021లను ఆధారంగా పెట్టుకుని తర్వాతి పెరుగుదలంతా గుర్తింపు పుణ్యమే అంటే ఎవరూ ఒప్పుకోరు. జనం ఇళ్లలోంచి బయటికి రావడం కూడా ఒక కారణం. ఆధార సంవత్సరం 2019 పెట్టుకోండి. గుర్తింపు రాని కాకతీయ కట్టడాన్ని, వేయిస్తంభాల గుడి గానీ ఖిలా వరంగల్ గానీ, పోలికకు తీసుకోండి. రామప్పలో పెరిగింది మైనస్ అక్కడ పెరిగింది: మిగిలినదే మీరు గుర్తింపుకు కట్టగలిగిన విలువ. 2023 డిసెంబరు 9 తర్వాత మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేకుండా పోయింది, కాబట్టి ఆ తేదీ దగ్గర ఇంకో గీత గీయండి. ప్రయాణ ఖర్చును బట్టి ఒక స్థలం విలువ కట్టే అమెరికా పద్ధతి ఇక్కడ నేరుగా పనిచేయదు. బస్సెక్కే ఆడవాళ్లకు చార్జీ సున్నా, ఒక్క ప్రయాణంలో మూడు మొక్కులు. వాడాలనుకుంటే పోయిన రోజు కూలీని ఖర్చులో చేర్చి, ప్రయాణాన్ని ఆగిన చోట్లకు పంచాలి.

పర్యాటక స్థలాలకు బట్లర్ 1980లో చెప్పిన జీవితచక్రం గురించి ఒక్క మాట. అన్వేషణ నుంచి స్తబ్ధత దాకా వెళ్లి, తర్వాత క్షీణతో పునరుజ్జీవమో అనే ఆ వక్రరేఖ సున్నా దగ్గర మొదలవుతుంది. వేములవాడకు సున్నా ఎక్కడుంది? క్షేత్రాలకు ఆ గీతను అతికించకండి. లక్నవరం, బొగత లాంటి చోట్ల, వేలాడే వంతెనలు, కాటేజీలు వచ్చాక జనం పెరిగిన చోట్ల, పరీక్షించవచ్చు.

ఇప్పుడు 384. ఆ సంఖ్య 95 శాతం విశ్వాసస్థాయి, 5 శాతం లోపం, సగం సగం విభజన అనే లెక్కలోంచి వస్తుంది. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16. పైకి సవరిస్తే 385. జనం లక్షైనా కోటైనా ఇదే. కానీ ఇందులో ఒక షరతుంది: ప్రతి మనిషినీ విడివిడిగా, యాదృచ్ఛికంగా ఎంచి ఉండాలి. మేడారంలో జనం ట్రాక్టరుకు పదిమంది, డీసీఎంకు ముప్పైమంది చొప్పున వస్తారు. ఒకే గుడారంలో ఎనిమిది మందిని అడిగితే మీకు ఎనిమిది అభిప్రాయాలు రావు, లెక్కకు మూడో ఐదో వస్తాయి. దీనికి సవరణ: 1 + (గుంపు నుంచి అడిగినవారి సంఖ్య − 1) × లోపలి పోలిక, అంటే ఒకే గుంపువారి జవాబులు ఎంతగా ఒకేలా ఉంటాయన్న కొలత. ఈ సవరణతో 385ను గుణించాలి. ఎనిమిది మంది, పోలిక 0.1 అనుకుంటే 1.7, కావలసిన శాంపిల్ 655. పోలిక 0.3 అయితే 3.1, అప్పుడు 1,194. అంత చేయలేరు. కాబట్టి గుంపుకు ఒక్కరినే అడగండి. అప్పుడు మిగిలేది స్థలం, సమయం వల్ల వచ్చే పోలిక మాత్రమే, దానికి 500 దగ్గర పెట్టుకుంటే సర్దుకుంటుంది.

గుంపులో ఎవరిని? వదిలేస్తే చదువుకున్న కుర్రాడే ముందుకొస్తాడు, థీసిస్ నిండా డిగ్రీ చదివిన మగపిల్లల అభిప్రాయాలే ఉంటాయి. పాశ్చాత్య పుస్తకాల్లో "ఇటీవల పుట్టినరోజు జరిగినవారిని అడుగు" అని ఉంటుంది. పెద్దవాళ్లకు పుట్టినరోజు తెలియదు, ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది. దానికి బదులు ప్రతి ఫారం మీద ముందే ఒక యాదృచ్ఛిక అంకె రాసుకుని వెళ్లండి. గుంపులో 18 దాటినవారిని వయసు వరుసలో చెప్పమని, ఆ అంకె దగ్గర ఉన్న మనిషినే అడగండి. కాదన్నవాళ్లను కూడా సమయం, ఆడా మగా, సుమారు వయసుతో గీతలు పెట్టి లెక్కించండి. ఆ పట్టిక లేని శాంపిల్‌ను మంచి జర్నల్ రివ్యూయర్ మొదటి చూపులోనే పక్కన పెడతాడు.

స్థలం, సమయం కూడా ముందే గడులు గీసి పంచుకోండి. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చేది ఒక రకం జనం, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగేటప్పుడు ఇంకో రకం, శుక్రవారం మొక్కుల రద్దీ వేరు, శనివారం దేవతలు అడవికి మళ్లే వనప్రవేశం నాటికి తిరుగు ప్రయాణం. ఒక్కరోజు బస్టాండు దగ్గర నిలబడి నింపిన 400 ఫారాలు ఆ ఒక్కరోజు బస్టాండునే చెబుతాయి. జంపన్నవాగు, ఆర్టీసీ పాయింటు, పార్కింగు మైదానాలు, గద్దెల నుంచి బయటికొచ్చే దారి: నాలుగుచోట్లా, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. క్యూలో ఉన్నవాళ్లను అడగొద్దు. వాళ్ల మనసు దర్శనం మీద ఉంటుంది, పైగా ఖర్చు ఇంకా పూర్తికాదు.

ప్రశ్నావళి దగ్గర ఎక్కువ పనులు చెడతాయి. కొరియా, చైనా, టర్కీ పేపర్లలోంచి 5 పాయింట్ల సంతృప్తి స్కేలు తెచ్చి, తెలుగు చేసి, "అమ్మవారి దర్శనం పట్ల మీరు ఎంత సంతృప్తి చెందారు" అని అడుగుతారు. ఎవరైనా 5 కన్నా తక్కువ ఎలా చెప్తారు? తల్లి దగ్గరికొచ్చి అసంతృప్తి అనడం తప్పు. చాలామంది అన్నిటికీ 5, మిగిలినవాళ్లు అన్నిటికీ 4 వేస్తారు, క్రాన్‌బాక్ ఆల్ఫా (స్కేలులోని ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయన్న కొలత) 0.95 దాటుతుంది, స్కేలు అద్భుతంగా పనిచేసిందని రాసేస్తారు. 0.7 దాటితే చాలన్న నియమం అందరికీ తెలుసు. మరీ ఎక్కువొస్తే అది వరుసగా ఒకే గడిలో టిక్కు పెట్టిన గుర్తు కావచ్చని ఎవరూ చూడరు. దైవాన్ని ప్రశ్నలోంచి తీసేసి నీళ్లు, మరుగుదొడ్డి, బస్సు, నడిచిన దూరం గురించి అడగండి. అదీ పుస్తక భాషలో కాదు: "నీళ్లకు ఎంతదూరం పోవాల్సొచ్చింది?", "బస్సుకోసం ఎంతసేపు నిలవడ్డరు?", "మీ ఊరోళ్లకు మళ్లచ్చే జాతరకు ఏం జెప్తరు?" జవాబు నిమిషాల్లో, రూపాయల్లో, అవును కాదుల్లో వస్తే ఇంకా మంచిది. ఒక భాషలోకి మార్చి తిరిగి మూలంలోకి మార్చి సరిచూడడం బ్రిస్లిన్ 1970 నుంచి చెబుతున్న పద్ధతే, కానీ తిరిగి మార్చేవారు హైదరాబాద్ లెక్చరర్ కాకుండా తాడ్వాయి, గోవిందరావుపేట వైపు టీచరైతే మేలు. కోయ మాట్లాడేవారికి కోయలోనే అడిగే మనిషి కావాలి.

ఖర్చు అడిగేటప్పుడు డబ్బు ఎవరి దగ్గరుందో వారినే అడగండి. యాట (మేక, గొర్రె), కోళ్లు, బెల్లం, కొబ్బరికాయలు, డీజిల్ లేదా చార్జీలు, గుడారం కిరాయి, నీళ్లు, మందు, బొమ్మలు: ఇలా ఒక్కొక్కటి చదివి రాయించుకోవాలి. "మొత్తం ఎంతైంది" అంటే వచ్చే అంకె ఎప్పుడూ తక్కువే. ఇంటి నుంచి తెచ్చిన యాటను విడిగా గుర్తుపెట్టండి. అది ఖర్చే గానీ మేడారంలో పడిన ఖర్చు కాదు. గుంపు మొత్తానికి రాసి, పిల్లలను కూడా కలిపి భాగించండి.

స్థానికుల అభిప్రాయాల అధ్యాయానికి బయటి స్కేళ్లు ఇంకా తక్కువ పనికొస్తాయి. పర్యాటకులు పెరిగితే భూమి ధర పెరిగి స్థానికుడు లాభపడతాడనే ఊహ వాటిలో ఉంటుంది. మేడారం ఏజెన్సీ ప్రాంతం, 1/70 అనే ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వల్ల గిరిజనేతరులకు భూమి కొనే హక్కు లేదు. అక్కడ అడగాల్సింది దుకాణం స్థలం ఎవరిది, నడిపేది ఎవరు, ఇద్దరి మధ్య ఏ ఒప్పందం అని. వాహనాలు నిలిపిన పొలాల్లో ఆ యాసంగి ఏమైందని. జాతర అయ్యాక పొలంలో మిగిలిన చెత్త ఎవరు ఎత్తారని. రామప్ప, ఖిలా వరంగల్‌లలో ఇంకో చట్టం అడ్డొస్తుంది. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిర్మాణ నిషేధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణ. కోట గోడల లోపల ఇళ్లున్నవాళ్లను "వారసత్వ కట్టడం వల్ల మీకు గర్వంగా ఉందా" అని మాత్రమే అడిగి, ఇంటిమీద ఇంకో గది వేసుకోగలరా అని అడగకపోతే జవాబు సగమే దొరుకుతుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరను కూడా కలుపుదామని రాశారు. అది మొదట గోండుల్లోని మెస్రం వంశం పూజ, తర్వాతే చూడవచ్చేవారి జాతర. వంశ పెద్దల అనుమతి లేకుండా ఫారాలు పట్టుకుని తిరగొద్దు, పూజ ఘట్టాల ఫొటోలు సరే అంటేనే. ఒక్క థీసిస్‌లో మేడారం, రామప్ప చాలు; నాగోబాను పోలిక కోసం ఒక పేరాలో ప్రస్తావించి వదిలేయండి.

ప్రచురణ సంగతి. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీ సమర్పణకు జర్నల్ పేపరు తప్పనిసరి అనే షరతు తీసేశాయి, కానీ మీ యూనివర్సిటీ సొంత నియమం వేరుగా ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ నాటి సర్క్యులర్ చూసుకోండి. విదేశీ జర్నల్‌కు పంపేటప్పుడు మేడారం అంటే ఏమిటో ఒక పేజీ రాయాల్సి వస్తుందని విసుక్కోవద్దు. వాళ్లు వెనిస్ గురించి ఎప్పుడూ రాయనక్కర్లేదు, మీరు రాయాలి, అంతే. ఆ పేజీని ఒకసారి బాగా రాసిపెట్టుకుంటే ప్రతి పేపరులో పనికొస్తుంది.

క్యాలెండరు ఇలా వేసుకోండి. పెద్ద జాతర సరి సంవత్సరాల్లో మాఘ పౌర్ణమి వైపు వస్తుంది. ఒక్కసారి తప్పితే రెండేళ్లు ఆగాలి, ఫెలోషిప్ గడువు ఆగదు. బేసి సంవత్సరపు చిన్న జాతరలో 40, 50 ఫారాలతో పైలట్ చేసి, ప్రశ్నలు సరిదిద్దుకోండి. అనుమతుల కోసం ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), ములుగు కలెక్టరేట్, దేవాదాయ శాఖ, పూజారుల సంఘం నలుగురికీ నవంబరులోపే ఉత్తరాలు ఇవ్వండి. డిసెంబరు నుంచి వాళ్లంతా ఏర్పాట్లలో మునిగిపోతారు, మీ ఫైలు ఎవరూ తెరవరు.